గురజాల కందిరీగ

గురజాల
12 జూలై 1945

అన్నయ్య శ్రీమన్నారాయణ గారికి, జాన్ సాహెబు ఇల్లాలు హజ్రా బీ సలాములు.

ఇక్కడ అందరం క్షేమమని మొదలుపెట్టడం ఆనవాయితీ. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. మీ మిత్రులకు రోహిణి కార్తెలో పక్షవాతం వచ్చింది. బడి వెనక గోడ దగ్గర పీట వేసుకుని, ఆ కందిరీగలనే చూస్తూ కూర్చున్నవారు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయారు. కుడి పక్కంతా పడిపోయింది. మాట పోయింది. వినికిడి ఉంది, తెలివి ఉంది, ఎడమ చెయ్యి ఆడుతుంది. ఏదైనా అడిగితే, అవునంటే నా చెయ్యి నొక్కుతారు, కాదంటే వదిలేస్తారు. డాక్టరును అడిగితే, "కొందరు లేస్తారమ్మా, కొందరు లేవరు" అన్నారు. ఆ మాత్రం నాకూ తెలుసు.

ఇన్నాళ్ళూ కబురు చెయ్యలేదని కోపగించుకోవద్దు. మొన్న మీ ఉత్తరం వచ్చింది. "ఏరా జాన్, మీ ఊరి కందిరీగ సంగతులు రాయకుండా మొద్దునిద్ర పోతున్నావా" అని ఉంది అందులో. చదవాలా వద్దా అని కాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. చివరికి చదివాను. ఆ మొద్దునిద్ర మాట దగ్గర ఆయన నవ్వారు. పెదవి ఎడమ చివర మాత్రమే పైకి లేచింది. మంచాన పడ్డాక ఆయన నవ్వడం అదే మొదలు.

అందుకని ఒక మనవి. మీరు ఉత్తరాలు ఆపవద్దు. జబ్బు మాట ఎత్తకుండా ఆ కందిరీగల గొడవే రాయండి. ఎనిమిదో తరగతి దాకా చదువుకున్నాను, తడుముకోకుండా చదివి వినిపించగలను.

బడివాళ్ళు క్రిస్మసు సెలవుల దాకా గడువిచ్చారు. అప్పటికి లేచి నిలబడగలిగితే మాస్టరు ఉద్యోగం ఉంటుంది, బడి వెనకున్న ఈ ఇల్లూ ఉంటుంది. లేకపోతే చిలకలూరిపేటలో మా అన్న మౌలాలీ దగ్గరికి పోవాలి. అన్న అక్కడ పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరు. రమ్మని కబురు మీద కబురు పంపుతున్నాడు. నేను మాత్రం ఈయన లేస్తారనే అనుకుంటున్నాను. అలా అనుకోకపోతే పొద్దున్నే పనిలోకి దిగలేను.

మీ చెల్లెలు
హజ్రా బీ


నరసరావుపేట
20 జూలై 1945

చెల్లెలు హజ్రా బీకి ఆశీస్సులు.

నీ ఉత్తరం బడిలో అందింది. చదివి జేబులో పెట్టుకుని పాఠానికి వెళ్ళాను. ఏం చెప్పానో నాకే తెలియదు. ఇంటికొచ్చి మా యశోదకు చెబితే ఇద్దరం అన్నం ముందు కూర్చుని లేచిపోయాం. ఈపాటికి రైలెక్కి రావలసింది. బడి ఇప్పుడే తెరిచారు, సెలవు పెట్టిన ఇంకో మాస్టరు పని కూడా నా నెత్తినే ఉంది. వీలు చూసుకుని వస్తాను.

ఇక్కడి నుంచి వాడికి చదువమ్మా.

ఒరేయ్ జాన్, మన పందెం ఇంకా తేలలేదు. మీ గురజాల కందిరీగ, మా పేట కందిరీగ రెండు వేరు వేరు జాతులని నువ్వంటావు. ఒకటే జాతి, ఊరు మారితే తీరు మారిందని నేనంటాను. కాలేజీ విడిచిన నాటి నుంచీ ఇదే తగువు. బొంబాయి పత్రికకు వ్యాసం పంపుదామని అనుకోవడమే గాని, ఇద్దరం ఒక్క మాట మీదికి వస్తే గదా. మీ దాని రెక్కలు ఇటుక రంగు, మా దాని రెక్కలు నీలం. రెక్కల రంగు చూసి జాతి తేల్చేవాడివైతే తలపాగా రంగు చూసి మనిషిని తేలుస్తావు నువ్వు. మా తెలుగు పంతులు గారైతే మనిద్దరినీ చూసి జాలిపడతారు. భ్రమరం పురుగును తెచ్చి గూట్లో పెట్టి, చుట్టూ ఝుమ్మని తిరిగితే ఆ పురుగే భ్రమరమవుతుందని ఆయన పాఠం చెబుతారు. పిల్లలు అదే నమ్ముతారు. మనం చెప్పేది ఎవరికి కావాలి.

హజ్రా, నీకు తెలియడం కోసం రెండు ముక్కలు. ఈ కందిరీగలు గుంపులో బతికేవి కావు. ఆడది ఒంటరిగా సాలెపురుగును వేటాడి కొండితో పొడుస్తుంది. పొడిస్తే సాలెపురుగు చావదు, కదలకుండా పడిపోతుంది. దాన్ని ఈడ్చుకొచ్చి గోడ సందులో మట్టితో చిన్న గది కట్టి, అందులో పెట్టి, దాని మీద ఒక గుడ్డు పెట్టి మూసేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు అదే తిండి. మా దాన్ని నేను చూడగలను. మీ దాన్ని చూసే కళ్ళు ఇప్పుడు మంచం మీద ఉన్నాయి. వాడి మంచం గోడ దగ్గరికి జరిపి, నువ్వు చూసింది చూసినట్టు రాయి.

శ్రీమన్నారాయణ


గురజాల
16 ఆగస్టు 1945

అన్నయ్య గారికి,

మంచం వెనక పంచలోకి జరిపించాను. పొద్దున ఆయన ఒళ్ళు తుడిచి, జావ తాగించి, పక్క తిప్పి, బట్టలు ఉతికి వచ్చేసరికి నా పని అయిపోతుంది. అప్పుడు గోడ ముందు కూర్చుంటాను. కూర్చోవడానికి ఒక సాకు దొరికిందని లోపల సంతోషమే.

మీరు రాసిన ఆ ఇటుక రెక్కలది వచ్చింది. ముందు సాలెపురుగును పట్టుకుంది. అప్పటికి ఇల్లూ లేదు, వాకిలీ లేదు. దాన్ని తీసుకెళ్ళి గోరింట కొమ్మల సందులో ఇరికించింది. ఇరికించి, అప్పుడు గోడంతా వెతకడం మొదలుపెట్టింది. ఈ సందు బాగుందా, ఆ సందు బాగుందా అని తిరగడం, మధ్యలో వచ్చి సాలెపురుగు ఉందో లేదో చూసుకోవడం. చీమలు పట్టాయి ఒకసారి. వాటిని తరిమి ఇంకో కొమ్మకు మార్చింది. ఇంత అవస్థ పడి అప్పుడు మట్టి తెచ్చి గది కట్టింది. నన్ను నిఖా చేసుకుని తీసుకొచ్చి, చావిట్లో కూర్చోబెట్టి, అద్దె ఇల్లు వెతకడానికి పోయిన మనిషి గుర్తొచ్చారు. ఆ మాట ఆయనతో అంటే నా చెయ్యి గట్టిగా నొక్కారు.

మీ దానిది కూడా ఇదే పద్ధతా?

యుద్ధం అయిపోయిందని బడిపిల్లలు జెండాలు పట్టుకుని తిరిగారు. కిరోసిను మాత్రం రాలేదు.

హజ్రా బీ


నరసరావుపేట
9 సెప్టెంబరు 1945

చెల్లెలు హజ్రాకు,

నువ్వు రాసింది మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. మాది అలా కాదమ్మా. ముందు సందు చూసుకుని, గది కట్టుకుని, ఆ తర్వాతే వేటకు పోతుంది. వాడు నన్ను "మీ పేట కందిరీగవిరా నువ్వు, పీట వేయందే కూర్చోవు" అని వెక్కిరించేవాడు.

జాన్, ఇది విను. నిన్న బడి ప్రహరీ గోడలో కొత్తగా మూసిన గది ఒకటి కత్తితో తెరిచాను. సాలెపురుగును తీసి గాజుగ్లాసులో పెట్టి, పైన గుడ్డ కట్టాను. రాయిలా పడి ఉంది. చచ్చిందేమో అనుకున్నాను. ఇవాళ మధ్యాహ్నం అన్నం తిని వచ్చి చూస్తే ముందు కాళ్ళు ఆడిస్తోంది. చూస్తూ ఉండగానే లేచి నిలబడింది. తూలుతూ గ్లాసు చుట్టూ తిరిగింది. సాయంత్రానికి దారం కూడా తీసింది. మా దాని విషం మత్తు మందు లాంటిది, అంతే. దీని అర్థం ఏమిటో నీకు తెలుసు. నా నోటితో నేను చెప్పను.

ఈ నెలలో కూడా రాలేకపోతున్నాను. ఇన్‌స్పెక్షను ఉంది.

శ్రీమన్నారాయణ


గురజాల
23 సెప్టెంబరు 1945

అన్నయ్య గారికి,

మీ ఉత్తరం చదువుతూ, "లేచి నిలబడింది" అన్న చోట ఆగిపోయాను. మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నారు. ఎందుకో తెలియలేదు. అలసిపోయారనుకున్నాను.

మీ ఇద్దరి పందెం సంగతి నాకు అక్కర్లేదు. నాకు ఒక్కటే చెప్పండి. మా దాని సాలెపురుగు కూడా లేస్తుందా? రెండూ దగ్గరి చుట్టాలే కదా. మీది లేస్తే మాదీ లేవాలి కదా. ఇది వెర్రిప్రశ్న అని తెలుసు. సాలెపురుగుకీ మనిషికీ ఏం సంబంధం అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. ఈ ఊళ్ళో డాక్టరు చెప్పడం లేదు, తావీదు కట్టిన సాహెబు చెప్పడం లేదు. ఎవరో ఒకరు చెప్పకపోతే నేను రోజు గడపలేను.

గది తెరిచి చూద్దామని కత్తి పట్టుకున్నాను. మళ్ళీ కింద పెట్టేశాను. మీరే చెప్పండి.

హజ్రా బీ


నరసరావుపేట
14 అక్టోబరు 1945

చెల్లెలు హజ్రాకు,

జవాబు ఆలస్యమైంది. లేస్తుందమ్మా. రెండూ ఒక తల్లి బిడ్డల్లాంటివే. మీది పొడిచే పోటు కాస్త బలమైంది గనక ఆలస్యంగా లేస్తుంది, అంతే. గది తెరవవద్దు, పిల్ల చచ్చిపోతుంది.

పందెం నేనే గెలిచానని జాన్‌తో చెప్పు.

శ్రీమన్నారాయణ


గురజాల
18 నవంబరు 1945

అన్నయ్య గారికి,

మీ మాట వచ్చిన రోజు నుంచి ఆయన్ని నిలబెట్టడం మొదలుపెట్టాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. చంకల కింద చేతులు వేసి లేపి, పంచ స్తంభానికి ఆనించి, తువ్వాలుతో నడుం కట్టేస్తాను. కాళ్ళు వణుకుతాయి. చెమట కారుతుంది. ఇంకాసేపు ఉంటారా అని అడిగితే చెయ్యి నొక్కుతారు. ఎప్పుడు అడిగినా నొక్కుతారు. ఆ పట్టుదల చూస్తుంటే నాకు బలం వస్తుంది.

ఒకసారి తువ్వాలు జారి ఇద్దరం పడ్డాం. ఆయన మోచెయ్యి కొట్టుకుపోయింది. నా నడుం పట్టేసింది, వంగితే లేవలేకపోతున్నాను. పక్కింటి కొండమ్మ పిన్ని వచ్చి లేపింది. "ఏందే హజ్రా, మనిషిని చంపుతావా ఏంది, నువ్వు చస్తావా ఏంది" అని తిట్టింది. ఆమెకు మీ సాలెపురుగు సంగతి చెప్పాను. ముక్కు మీద వేలేసుకుంది.

మా అన్న మౌలాలీ బండి మాట్లాడుకుని మరీ వచ్చాడు. "మా ఇంట్లో ఎత్తడానికి నలుగురం ఉన్నాం, నువ్వొక్కదానివి ఎన్నాళ్ళు మోస్తావు" అన్నాడు. ఆయన క్రిస్మసుకు లేస్తారు, ఉద్యోగంలో చేరతారు అని చెప్పి తిప్పి పంపించాను. అన్న ఏడ్చుకుంటూ వెళ్ళాడు. నేను తప్పు చేయలేదు కదా.

హజ్రా బీ


నరసరావుపేట
27 నవంబరు 1945

చెల్లెలు హజ్రాకు,

నడుం సంగతి అశ్రద్ధ చేయవద్దు. తైలం, ఆవకాయ మా యశోద పంపుతోంది. వాడిని మరీ అంతగా నిలబెట్టవద్దు. రోజు విడిచి రోజు చాలు. అసలు కొన్నాళ్ళు మానేసినా పరవాలేదు. మీ అన్నయ్య మాట కూడా ఆలోచించు.

పరీక్షలు దగ్గర పడ్డాయి. లేకపోతే వచ్చేవాడినే.

శ్రీమన్నారాయణ


గురజాల
15 డిసెంబరు 1945

శ్రీమన్నారాయణ గారికి,

నేను చెరువు దగ్గర బట్టలు ఉతికి వచ్చేసరికి కొండమ్మ పిన్ని వెనక గోడ ముందు కూర్చుని, కొడవలి మొనతో కందిరీగ గూళ్ళన్నీ గీకి చేటలో పోస్తోంది. ఇదేం పని పిన్నీ అని అరిచాను. "ఇంటెనకాల ఇంత మందు పెట్టుకుని డాక్టరు ఎంటబడతావేందే పిచ్చిదానా. పాకే పురుక్కి రెక్కలు మొలిపిచ్చే మట్టి గదా ఇది. పడిపోయిన చెయ్యిని లేపలేదా? పట్టు ఏద్దాం" అంది. మీ తెలుగు పంతులు గారు చెప్పే పాఠమే. ఆమెను ఏమనగలను. నా మీద ప్రేమతోనే చేసింది.

మట్టితో పాటు సాలెపురుగులు కూడా చేటలో రాలాయి. కొన్నిటి మీద గుడ్డు ఉంది. కొన్నిటిని పిల్లలు సగం తినేశాయి. తినని వాటిని ఏరి, చేట తెచ్చి ఆయన మంచం పక్కన పెట్టాను. మన సాలెపురుగులు లేస్తాయి చూడండి అన్నాను. సంతోషంగానే అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం దాకా చూశాను. మీది ఆ వేళకే కదా లేచింది. మాది ఆలస్యమని రాశారు గనక ఇంకో రోజు చూశాను. ఆ పై రోజు కూడా చూశాను. చీపురుపుల్లతో ముట్టుకుంటే కాళ్ళ చివర్లు కొద్దిగా వణికాయి. అంటే చావలేదు. ఒక్కటీ లేవలేదు. ఆయన చేట వైపు చూడలేదు. ఆ మూడు రోజులూ నా మొహమే చూస్తున్నారు.

అప్పుడు నాకు తెలిసింది. ఇవి లేవవని మీకు ముందే తెలుసా అని ఆయన్ని అడిగాను. చెయ్యి నొక్కారు. మీ మిత్రులకూ తెలుసా అని అడిగాను. దానికీ నొక్కారు. మరి నాకెందుకు చెప్పలేదు, కాదు అనడానికి చెయ్యి వదిలేస్తే చాలు కదా, ఎందుకు నొక్కుతూ వచ్చారు అని అడిగాను. ఏడ్చాను కూడా. ఆయన ఎడమ చెయ్యి నెమ్మదిగా ఎత్తి, బొటనవేలితో నా పెదవి చివర పట్టుకుని పైకి ఎత్తారు. నవ్వినట్టు.

అన్నయ్యా, నేను ఆయన కోసమని నడుం విరగ్గొట్టుకుని లేపాను. ఆయన నా కోసమని నొప్పి ఓర్చుకుని నిలబడ్డారు. మీరు రాసిన ఒక్క మాట మీద ఇద్దరం ఇన్నాళ్ళు హింసపడ్డాం. మీకు రైలెక్కి వచ్చి ఆయన్ని చూడడం కన్నా "లేస్తుంది" అని రాసి పడెయ్యడం తేలికైంది. నాకు మీ మీద కోపంగా ఉంది. కోపం తెచ్చుకునే ఓపిక మాత్రం లేదు.

ఇవాళ ఆయన్ని నిలబెట్టలేదు. పక్కన చాప వేసుకుని పట్టపగలే పడుకున్నాను. పెళ్ళయ్యాక పగలు పడుకోవడం ఇదే.

హజ్రా బీ


నరసరావుపేట
20 డిసెంబరు 1945

అమ్మా హజ్రా,

నువ్వు రాసిన ప్రతి మాటా నిజం. వాడి కందిరీగ సాలెపురుగు లేవదని కోటప్పకొండ తిరనాళ్ళలో వాడే నాకు చెప్పాడు. చెరకుగడ తింటూ చెప్పాడు. "నాది లేవదురా, ఎన్నిసార్లు తెరిచి చూసినా లేవలేదు. నీది లేస్తే మాత్రం రెండూ వేరు జాతులని ఒప్పుకోవాలి" అన్నాడు. మాది లేచిన రోజునే నేను ఓడిపోయాను. ఆ ఓటమి ఒప్పుకుంటూ రాద్దామనుకుంటుండగా నీ ఉత్తరం వచ్చింది. లేస్తుందా అని అడిగావు. లేవదు అని రాయడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఇన్‌స్పెక్షను, పరీక్షలు అన్నీ సాకులే. సెలవు అడిగితే ఇచ్చేవారు. నోరు మూయకుండా నవ్వించే వాడు మాట లేకుండా పడి ఉంటే చూడలేననిపించింది. నువ్వు రోజూ చూస్తున్నావు. నేను ఒక్క రోజు చూడలేనన్నాను. ఇంతకన్నా సిగ్గు ఏముంటుంది.

ఆదివారం పొద్దున బండికి వస్తున్నాను. మీ అన్నయ్య మౌలాలీ గారికి కూడా టెలిగ్రాము ఇచ్చాను. చిలకలూరిపేట పోవాలని నువ్వనుకుంటే, వాడిని ఎత్తడానికి ఒక చెయ్యి నాది కూడా ఉంటుంది. నా మొహం చూడడం ఇష్టం లేకపోతే స్టేషన్లోనే చెప్పు, తిరుగు బండికి వెళ్ళిపోతాను.

శ్రీమన్నారాయణ


చిలకలూరిపేట
24 మార్చి 1946

అన్నయ్య గారికి, హజ్రా బీ సలాములు.

మీరు మమ్మల్ని ఇక్కడ దించి వెళ్ళాక ఉత్తరం ఎందుకు రాయలేదా అనుకున్నారేమో. ముందు నిద్రపోయాను అన్నయ్యా. మా వదిన ఆయనకు జావ తాగిస్తుంటే పక్క గదిలో పడి నిద్రపోయాను. చాలా వారాలు అదే పని. నడుం ఇంకా నొప్పిగానే ఉంది. బిందె ఎత్తలేను.

ఆయన లేవలేదు. ఇక లేవరు. ఈ మాట రాయడానికి ఇప్పుడు చెయ్యి వచ్చింది గనక రాస్తున్నాను. రాజీనామా కాయితం మీద ఎడమ చేత్తో వంకర టింకరగా సంతకం పెట్టిన రోజు మాత్రం ఇద్దరం ఏడ్చాం. స్తంభానికి కట్టడం మానేశాక, గోడకు దిండు ఆనిస్తే వాలి కూర్చోవడం వచ్చింది. అలా కూర్చుని మిల్లు దూది గాలికి ఎగిరి రావడం చూస్తుంటారు.

బొంబాయి పత్రిక కోసం మీరు ఇంగ్లీషులో రాసి పంపిన వ్యాసం నకలు మెల్లగా, తెలుగులో చెప్పుకుంటూ చదివి వినిపించాను. రెండు జాతులేనని, ఆ సంగతి మొదట చెప్పింది గురజాల జాన్ సాహెబని రాశారు. అక్కడ ఆయన పెదవి చివర పైకి లేచింది. గురజాల దాని సాలెపురుగు లేవదు, అయినా వారాల తరబడి ప్రాణంతో ఉంటుంది అని రాసిన చోట మళ్ళీ చదవమన్నట్టు కాయితం తట్టారు. మళ్ళీ చదివాను. ఇంకేమీ మార్చనక్కర్లేదట, చెయ్యి నొక్కారు. పంపించండి.

నిన్న ఇక్కడి గోడ మీదికి ఒకటి వచ్చింది. రెక్కలు నీలం. మీ రకం. ముందు గది కట్టుకుని, తర్వాత పోయి సాలెపురుగును తెచ్చి, మూసి వెళ్ళిపోయింది. కత్తి తెచ్చి తెరుద్దామా, ఇందులోది లేస్తుంది కదా అని ఆయన్ని అడిగాను. నా చెయ్యి వదిలేశారు. నాకూ తెరవాలనిపించలేదు. ఆ చెయ్యే మళ్ళీ అందుకుని, వదిన పిలిచేదాకా పక్కన కూర్చున్నాను.

మీ చెల్లెలు
హజ్రా బీ